బొట్టు పెట్టిన మైక్రోస్కోపు

నేను ఒక మైక్రోస్కోపుని. నల్లటి ఇనుప ఒళ్ళు, ఒంటికన్ను. చాలాకాలం ఓ కాలేజీలో ఉల్లిపొర చూపించి పిల్లల్ని పాస్ చేయించాను. నా అద్దం గీతలు పడ్డాక, ఇక జబ్బులు చూడ్డానికి సరిపోతానని కాబోలు, జీడితోటల మధ్య ఉన్న ఓ సర్కారు ఆసుపత్రికి పంపేశారు.

అక్కడ జరిగిన మర్యాద నాకింకెక్కడా జరగలేదు. ల్యాబ్ టెక్నీషియన్ వైకుంఠరావు ఏటా దసరాకి ఆయుధపూజ చేసి, నాకు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కుంకుమ పెట్టేవాడు. ఆ కుంకుమ మరల్లోకి దిగి ఏడాది పొడుగునా రాలుతూనే ఉండేది. కన్ను తుడవడం మాత్రం ఆయనకి గుర్తుండేది కాదు.

దాలమ్మ సరిగ్గా అలాంటి పూజనాడే వచ్చింది. బట్టీలో జీడిపిక్కలు కొట్టే మనిషి, ముప్పై దాటలేదు. తెల్లబట్ట, దురద, పొత్తికడుపులో పోటు. పక్కన కూర్చునేవాళ్ళు వాసనకి ముఖం తిప్పుకుంటున్నా నెలల తరబడి దాచుకుని, ఆఖరికి నర్సు ఎస్తేరుతో చెప్పుకుంది.

"గర్బసంచి తీయించీమంటన్నాడు పట్నం డాట్రు. నాకు ఒక్క గుంటే ఉంది సిస్టరమ్మా. ఇంకో బిడ్డ కావాల."

"తొందరపడకు దాలమ్మా. ముందు పరీక్ష చేయిద్దాం."

పరీక్షంటే ఏముంది, గాజుపలక మీద కాస్త స్రావం, ఓ చుక్క ఉప్పునీరు. కోత లేదు, నొప్పి లేదు. కాకపోతే తడి ఆరకముందే చూడాలి. ఇలాంటి జబ్బు తెచ్చే క్రిములు ఈదుతుంటేనే పట్టుబడతాయి. ఆరిపోతే ఏది ఏదో తెలియదు.

ఎస్తేరు పలక పట్టుకుని పరుగున వచ్చింది. వైకుంఠరావు అడ్డం నిలబడ్డాడు.

"ఇవాళ ముట్టుకోకూడదు సిస్టర్, పూజలో ఉంది. అందులోనూ ఇలాంటివా? రేపు చూస్తాలెండి."

"రేపటికి ఆరిపోతుంది సార్."

"ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు."

పలకని కొబ్బరిచెక్కల పళ్ళెం పక్కన పెట్టించాడు. నా కంటికి జానెడు దూరం. వంగి చూడ్డానికి నాకు మెడ తిరగదు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఎస్తేరు టీకాలకి పల్లెలు తిరగడానికి పోయింది. ఆయన ఎండిన పలకనే చూసి "ఏమీ కనపడలేదు" అని రాసిచ్చాడు. అబద్ధమేమీ రాయలేదు పాపం. పరీక్షలో ఏమీ లేదంటే సంచిలోనే తేడా ఉందని పట్నం డాక్టరు దాలమ్మ ఇంట్లోవాళ్ళని ఒప్పించి ఆపరేషన్ చేసేశాడు.

ఎండలు ముదిరాక దాలమ్మ మళ్ళీ వచ్చింది, గోడ పట్టుకుని నడుస్తూ. తెల్లబట్ట తగ్గలేదు. ఆ రోజు ఏ పూజా లేదు. ఎస్తేరు తెచ్చిన తడిపలకని వైకుంఠరావు నా కన్నుతో చూశాడు. గింజల్లాంటి క్రిములు తోకలాడిస్తూ గిరగిరా ఈదుతున్నాయి. ఆయన నా కన్ను తుడిచి మళ్ళీ చూశాడు.

"మాత్రలతో పోతుంది," అన్నాడు చివరికి. "మీ ఆయన కూడా వేసుకోవాలి."

"మాత్తర్లతో పోయేదేటి బాబూ?" అంది దాలమ్మ. "మరి నా సంచెందుకు తీసీసారు?" అని అడిగింది.

వైకుంఠరావు పలక తీసుకుని కడగడానికి పోయాడు.

ఇప్పుడు నేను స్టోరుగదిలో విరిగిన మంచాల కింద ఉన్నాను. వైకుంఠరావు రిటైరయ్యాడు. ల్యాబులోకి కరెంటుతో నడిచే కొత్త మైక్రోస్కోపు, దానితో కొత్త టెక్నీషియనూ వచ్చారు. మొన్న దసరాకి బంతిపూల వాసన స్టోరుగది దాకా వచ్చింది. వరండాలో ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించి నొప్పి గురించి చెబుతోంది. ఎస్తేరు ఈసారి ఎవరితోనూ వాదించలేదు.

"ఇవాళ చూడరమ్మా," అంది. "రేపు రా."