చీకట్లో అమ్మాల్సిన స్థలం

నన్ను ముంచింది మా బావమరిది. బడిపంతులు. ఊరందరి పిల్లలకీ విడమరిచి చెప్పేవాడు నా దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెట్టాడు.

కొండ మీద నక్షత్రాలు చూపించే కేంద్రం ఉంది. దాని గోడ పక్కనే నా స్థలం, రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ మొలవని నేల. చూడటానికొచ్చేవాళ్లకి బస గదులు కడతాం, ఆ స్థలం కొంటామని కేంద్రం పెద్దాయన కబురు పెట్టాడు. రాత్రి పూట వస్తే ఆకాశమూ చూడొచ్చు, బేరమూ తేల్చుకోవచ్చన్నాడు.

నాది కరెంటు పని. సభైనా దుకాణమైనా వెలుగు పడితేనే విలువని నా నమ్మకం. కనబడని స్థలాన్ని ఎవడు కొంటాడు? అందుకని నాలుగు మూలలా స్తంభాలు పాతి ఫ్లడ్‌లైట్లు బిగించాను. బావమరిది అటుగా వచ్చి, "ఇక్కడ లైట్లెందుకు బావా?" అన్నాడు. కుళ్లు అనుకున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి పంతులు ఏమడిగినా వెక్కిరింతలాగే వినబడుతుంది.

అనుకున్న రాత్రి నేనూ మా ఆవిడా ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్లాం. గుమ్మం దగ్గర ఒకావిడ సెల్‌ఫోన్లు బయటికి తియ్యొద్దంది. ఆ కాస్త వెలుగుకే కళ్లు చెదిరి చుక్కలు కనబడవట. బుద్ధిగా జేబులో పెట్టుకున్నాను. అప్పటికైనా నా బుర్ర వెలగలేదు.

పైకప్పు తెరుచుకుంది. మసగ్గా ఉండే ఒక చుక్కల గుంపు చూపిస్తానని పెద్దాయన దుర్భిణి సరిచేశాడు. జనం వరసలో నిలబడ్డారు. నా లైట్లకి టైమర్ పెట్టి వచ్చాను. నా పనికి వంక పెట్టడానికి లేదు, చెప్పిన వేళకి నాలుగూ వెలిగాయి. కొండంతా పట్టపగలైంది. వరసలో వాళ్లంతా కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ నా చొక్కా లాగుతూనే ఉంది, నేను ముందుకెళ్లాను.

"అదేనండీ నా స్థలం. బాగా కనబడుతోందా సారూ?"

"కనబడుతోందండీ," అన్నాడు పెద్దాయన దుర్భిణి మీంచి తలెత్తి. "అదొక్కటే కనబడుతోంది."

బేరం అక్కడితో సరి. చీకటి విలువ తెలియనివారితో బేరం కష్టమని మర్యాదగానే చెప్పి పంపాడు. ఆ మంటలో మర్నాడే స్థలాన్ని బావమరిదికి రాళ్ల ధరకి రాసిచ్చేశాను. వాడు లైట్లు విప్పించి ఊరుకున్నాడు. నెల తిరక్కుండా కేంద్రంవాళ్లే వాడి గుమ్మంలోకి వచ్చి కొనుక్కున్నారు.

"మా తమ్ముడు అడిగాడు కదండీ లైట్లెందుకని," అంటుంది మా ఆవిడ.

అడిగాడు. ఒక్కసారే అడిగాడు. సొంత బావ కదా, రెండోసారి అడిగితే వాడి సొమ్మేం పోయింది? నాది మాత్రం పోయింది, అక్షరాలా అరెకరం, నాలుగు స్తంభాలతో సహా.