అవుట్ అనాలి, అప్ కాదు

తుంపర్ల మాస్టారు "గివ్ అవుట్" అని నోరు తెరిచినప్పుడల్లా నేను ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. ఆయన మా యజమాని గారి అల్లుడు. మాట్లాడితే ఎదుటివాళ్ళ మొహం తడుస్తుందని మా వంటగదిలో అందరం కలిసి పెట్టుకున్న పేరది. ఆస్పత్రి క్యాంటీన్‌లో గరిటె తిప్పుకునే నాకు ఇంగ్లీషు నేర్పే పని ఆయన నెత్తిన పడింది. ఆయన నా నెత్తిన పడ్డాడు.

తనిఖీకి వచ్చే అధికారికి మన భాష రాదట. యజమాని మాట లెక్కచెయ్యడట, వంట చేసేవాళ్ళనే అడుగుతాడట. అందుకని నాకో వాక్యం తయారుచేశారు. "వీ నెవర్ గివ్ అవుట్ ఓల్డ్ మీట్." పాత మాంసం మేం ఎవరికీ పెట్టం అని.

పచ్చి అబద్ధం. మొన్న మిగిలిన మాంసాన్ని జిగురు పోయేదాకా కడిగి, ఘాటుగా మసాలా దట్టించి వార్డులకి పంపేది నేనే. ఆ జిగురు వేళ్ళకి పట్టుకుంటే సబ్బుకి కూడా లొంగదు. కాదంటే పని పోతుంది, పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"వీ ఓల్డ్ మీట్ నెవర్..." అని మొదలుపెట్టాను.

"కాదమ్మా. నెవర్ ముందు. మీట్ చివర."

ఒళ్ళు మండింది. ఇదేం భాష? మనకైతే "పాత మాంసం మేం" వరకూ అని, ఎదుటివాడి మొహం చూసి, పెడతామో పెట్టమో చివర్లో తేల్చుకోవచ్చు. కాసేపు నీళ్ళు నమిలే వీలుంటుంది. ఇంగ్లీషులో మాంసం పేరెత్తకముందే అబద్ధం ఆడెయ్యాలి.

అది చాలదన్నట్టు మాటలకి తోకలు. "గివ్ అవుట్ అంటే పంచిపెట్టడం. గివ్ అప్ అంటే వదిలిపెట్టడం. త్రో అవుట్ అంటే పారెయ్యడం, త్రో అప్ అంటే కక్కడం. తోక మారిందో, కొంప మునుగుతుంది," అన్నాడు. ఒక తుంపర వచ్చి నా కింది పెదవి మీద పడింది. కొంగుతో తుడుచుకున్నాను. ఇక ఆ కొంగు ముట్టుకోబుద్ధి కాలేదు.

తనిఖీ రోజు పొద్దున్నే రెండో అంతస్తుకి వెళ్ళాను. మా చెల్లెలు కాన్పుకి అక్కడే చేరింది. క్యాంటీన్ తిండి ముట్టద్దని చెప్పి, రోజూ ఇంటి నుంచి క్యారేజీ తెస్తున్నాను. ఆ రోజు మంచం పక్కన మా ట్రే ఉంది, సగం ఖాళీగా.

"నిన్న సాయంత్రం ఆకలేసి తిన్నానక్కా. అదోలా వాసనొచ్చింది. నువ్వు వండిందే కదా, పర్లేదులే అనుకున్నా."

నా మీద నాకే రోత పుట్టింది. మెట్లు దిగుతూ నా చేతులు నేనే వాసన చూసుకున్నాను.

అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. నా ఎదుట నిలబడి ఏదో అడిగాడు. మీట్ అన్న మాట ఒక్కటే అందింది. పక్కన యజమాని, వెనకాల మాస్టారు.

"వీ నెవర్ గివ్ అప్ ఓల్డ్ మీట్," అన్నాను. కావాలనే అన్నాను. పాత మాంసాన్ని మేం వదిలిపెట్టం.

యజమాని నా వైపు గుడ్లురిమాడు. అధికారి మాత్రం నవ్వాడు. "అవుట్," అన్నాడు, చంటిపిల్లకి చెప్పినట్టు. "గివ్ అవుట్." కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. దాంతో మాస్టారు నవ్వాడు, యజమానీ నవ్వాడు. ఇంగ్లీషులో నోరు తెరిచి ఒక్క నిజం చెబితే, తప్పని దిద్దిపెట్టారు. ఛీ అనిపించింది.

ఇక ఆ భాషతో నాకు పని లేదు. పొయ్యి గట్టు కింద, గోనె కప్పి దాచిన పాత మాంసం గిన్నె లాగాను. "అమ్మా, అది వద్దు," అని మాస్టారు అడ్డం వచ్చాడు. ఆయన్ని తప్పించుకుని వెళ్ళి అధికారి ముక్కు కిందే మూత తీశాను.

అధికారి మొహం పాలిపోయింది. జేబురుమాలు తీసేలోపే వంగి, మాస్టారి మెరిసే బూట్ల మీద భళ్ళున కక్కేశాడు.

"త్రో అప్," అన్నాను మాస్టారితో. ఈసారి తోక సరిగ్గానే పెట్టాను.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు యజమాని. ఏప్రన్ విప్పి గట్టు మీద పడేశాను. గుమ్మం దగ్గర, వార్డులకి వెళ్ళాల్సిన ట్రేలు బండి నిండా పేర్చి ఉన్నాయి. అధికారి మూతి తుడుచుకుంటూనే వచ్చి ఆ బండికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ పూట రెండో అంతస్తుకి మా ట్రేలు వెళ్ళలేదు. చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని, చెల్లెలికి క్యారేజీ నేనే పట్టుకెళ్ళాను.