స్రవంతి రిలీవింగ్ లెటర్

రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి మొగిలి ఆటో కోకాపేటలోని ఆ అద్దాల ఆఫీసు ముందు ఆగుతుంది. వెనక సీట్లోంచి కూతురు స్రవంతి దిగి, మెడలో కార్డు సరిచేసుకుని, ఏడో అంతస్తుకి వెళ్తుంది. ఆమె చనిపోయి రెండేళ్లయింది. రాజీనామా ఇచ్చినవాళ్లు మూడు నెలలు పనిచేసి, పై అధికారి సంతకం అయ్యాకే వెళ్లాలని ఆ మందుల కంపెనీ రూలు. రాజీనామా ఇచ్చిన సాయంత్రమే చనిపోయింది కాబట్టి స్రవంతి మర్నాటి నుంచి వస్తూనే ఉంది. మూడు నెలలు ఎప్పుడో అయిపోయాయి. ఉద్యోగం నుంచి వదిలిపెట్టే రిలీవింగ్ ఫారం మీద సంతకమే కాలేదు.

సంతకం పెట్టాల్సినవాడు డాక్టర్ వెంకటరామయ్య. ఆమెని చంపింది కూడా ఆయనే.

ఆయన ఎంత గొప్ప శాస్త్రవేత్త అంటే, సన్మానాల శాలువాలకే ఇంట్లో ఒక బీరువా ఉంది. షుగరుకి ఆయన కనిపెట్టిన మందు ఎలుకల మీద కూడా పనిచెయ్యలేదు. పనిచేసినట్టు రాసేసుకున్నాడు. లెక్కలు సరిచూసే స్రవంతి అది పట్టుకుంది. అబద్ధం కింద తన పేరు ఉండకూడదని రాజీనామా ఇచ్చింది. ఆయన కన్నతండ్రిలా బుజ్జగించి, తన చేత్తో టీ కలిపి ఇచ్చాడు. ల్యాబులో ఏ సీసాలో ఏముందో ఆయనకి బాగా తెలుసు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది.

ఆఫీసులోని చదువుకున్న మహానుభావులకి ఆ తీర్పు బుర్రకెక్కలేదు. అంతటి మేధావి ఒక మామూలు ఉద్యోగిని కోసం జైల్లో మగ్గడమా అని వాళ్ల ఏడుపు. ఆ ఉద్యోగిని పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నా గొంతు తగ్గించేవాళ్లు కాదు. అందరూ కలిసి హైకోర్టులో అప్పీలుకి సాయం పట్టారు.

ఒకరోజు ఆయన శిష్యుడు ఆదర్శ్ ఒక కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"స్రవంతీ, ఆ సీసాలోది పొరపాటున నువ్వే టీలో కలుపుకున్నావని రాశాం. నువ్వు కింద సంతకం పెడితే చాలు. నీ రిలీవింగ్ ఫారం మీద సార్ వెంటనే సంతకం పెడతానన్నారు."

"పెట్టకపోతే?"

"ఇలాగే రోజూ వస్తూ ఉంటావు. ఆలోచించుకో."

అంత మాట అనేసి, వాడు తాపీగా సమోసాలు తినడానికి వెళ్లాడు.

సాయంత్రం ఆటోలో స్రవంతి ఆ సంగతి తండ్రికి చెప్పింది.

"మస్తు అలిసిపోయినవ్ బిడ్డా," అన్నాడు మొగిలి. "పెట్టెయ్యి. నువ్వేందో నాకు, మీ అమ్మకు తెల్వదా?"

"పండుకోవాలనే ఉంది నాయినా. కానీ అబద్ధం కింద పేరు పెట్టొద్దనే గదా గింత దూరం వచ్చింది."

మర్నాడు ఆమె హెచ్చార్ మేడం ఉమాశ్రీకి బదిలీ ఫారం ఇచ్చింది. పై అధికారి ఎక్కడ ఉంటే అక్కడే పనిచేస్తానని అందులో రాసింది. గళ్లన్నీ నిండి ఉంటే యముడికైనా బదిలీ ఇచ్చే మనిషి ఉమాశ్రీ. చదవకుండానే ముద్ర కొట్టింది.

అప్పటినుంచి మొగిలి ఆటో జైలుకి వెళ్లడం మొదలుపెట్టింది. వార్డర్లు ఆమె కార్డు చూసి లోపలికి పంపారు. ఆమె ఒక స్టూలు లాక్కుని వెంకటరామయ్య ఎదురుగా కూర్చుంది. టీ వచ్చినప్పుడల్లా గ్లాసు అందుకుని, వినయంగా ఆయన చేతికిచ్చేది. ఆయన తాగలేకపోయేవాడు. మూడో రోజుకి ఆమె ముట్టిన మంచినీళ్లు కూడా మానేశాడు. వేలమందికి మందు పోస్తానని బయల్దేరిన పెద్దమనిషి ధైర్యం అంతే.

ఐదో రోజు ఆయనే అడిగి రిలీవింగ్ ఫారం తెప్పించుకున్నాడు. ఉద్యోగి ఎందుకు వెళ్తున్నారో పై అధికారి రాయాల్సిన గడి ఒకటి అందులో ఉంది. 'సొంత పనుల వల్ల' అని రాసి సంతకం పెట్టాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇంకో ఫారం తెప్పించి 'ఆరోగ్యం బాగాలేక' అని రాశాడు. మళ్లీ వచ్చింది.

"సార్, ఆ గడి సరిగ్గా నింపలేదు," అంది.

పదకొండో రోజు ఆయన రాశాడు: 'మందు లెక్కలు దొంగవని బయటపెడుతుందని నేనే టీలో విషం కలిపి చంపాను.' స్రవంతి దాన్ని మూడుసార్లు చదివింది. "ఇప్పుడు సరిపోయింది సార్," అంది. తర్వాత స్టూలు ఖాళీగా ఉంది.

జైలు అధికారి ఒక నకలు హైకోర్టుకి, అసలు ఫారం కంపెనీకి పంపాడు. అప్పీలు కొట్టేశారు. ఆయన బతుకు ఇక ఆ గోడల మధ్యే.

ఆ వారం ఉమాశ్రీ మొగిలిని పిలిచి స్రవంతి రిలీవింగ్ లెటర్ చేతికిచ్చింది.

"ఏం రాసిన్రు మేడం?"

"మా కంపెనీ స్రవంతి గారిని ఎప్పుడూ కుటుంబ సభ్యురాలిగా చూసుకుందని, ఆవిడ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నామని రాశామండి. అందరికీ ఇదే ఇస్తామండి."

మొగిలి కాగితం మడవకుండా బల్ల మీద పెట్టాడు.

"మీ తాననే ఉంచుకోన్రి మేడం. నా బిడ్డ గిప్పుడే పండుకున్నది. గింత అబద్ధం సూస్తే మల్ల లేసొస్తది."