అరింటో తోట, తులసిమాల

ముద్ఖేడ్ దగ్గర దేవిదాస్‌కు ఎకరం అరింటో ఉండేది. పోర్చుగల్ దేశపు తెల్లద్రాక్ష. మా ఎండకు కూడా దాని పులుపు చావదు. తినేవాళ్లు కొనరు, వైన్ తీసేవాళ్లు ఆ పులుపు కోసమే అడుగుతారు. నాందేడ్‌లో పండ్ల దలాలీ చేసే నేనే బేరం కుదిర్చి నాటించాను.

తొలి కాపు రాకముందే దేవిదాస్ పండరిపురం విఠోబా పాదయాత్రకు, వారీకి, పోయి, మెడలో తులసిమాలతో వచ్చాడు. మాల వేసినవాళ్లు మాంసం, మందు ముట్టరు. మందయ్యే పండు అమ్మకూడదన్నది అతను సొంతంగా కలుపుకున్న నియమం. తోట కొట్టేస్తానన్నాడు.

జొన్నతోనూ సారా కాస్తారు కదా అని చెప్పి చూశాను. జొన్న తినడానికి పండిస్తాం, దీన్ని మందుకే పండిస్తున్నాం అన్నాడు.

"మాల ఆయన మెడల, ఉరి నా మెడల," అంది అతని భార్య ఎంకవ్వ.

చివరికి మామిడితోటలు కొన్నట్టే, కాపును తీగ మీదుండగానే కొంటానన్నాను. ఇక పండు నాది, పాపం నాది, వాన నష్టమూ నాదే. పాపం మోస్తున్నందుకు ధర కొంత తగ్గించాను. దేవిదాస్ బేరమాడలేదు. కోతకు మాత్రం చెయ్యి వెయ్యనన్నాడు.

కోతరోజు మధ్యాహ్నం పడమర నల్లబడింది. మార్చిలో ఆ మబ్బంటే రాళ్లవానే. సగం కాపు ఇంకా తీగ మీదే ఉంది. కూలీలు తమ శనగ కుప్పలు కప్పుకోవడానికి పరుగెత్తారు. నేనూ ఎంకవ్వా మిగిలాం. దేవిదాస్ గట్టు మీద కూర్చున్నాడు. నేను పిలవలేదు. ఒప్పందం ప్రకారం నష్టం నాది.

కాసేపటికి అతను మాలను అంగీ లోపలికి వేసుకుని, కత్తెర పట్టుకుని పక్క వరుసలోకి దిగాడు.

"పాపం తగుల్తది మావులీ," అన్నాను. వారీకి పోయినవాళ్లను అట్లాగే పిలుస్తాం.

"తగలనీ సేట్. నా తీగ మీద నీ సొమ్ము పాడైతుంటె కూసొని చూస్తే, గది పుణ్యమా?"

రాళ్లు మొదలయ్యేసరికి చివరి వరుసలు తప్ప అన్నీ క్రేట్లలోకి చేరాయి.

తర్వాతి ఏటికి వైన్ వాళ్లకు వేరే తోట చూపించాను. వానాకాలం చివర అరింటో మొదళ్ల మీద తినే తీపి రకం అంటు కట్టించాం. పాపంలో అతనూ వాటా పంచుకున్నాడు గనుక, దాని పేరున తగ్గించిన ధర తిరిగి ఇచ్చాను. ఎంకవ్వ తీసుకుంది.