కట్టలో మార్పు లేదు

"ఇన్నేళ్లొచ్చినా అలకడం రాలేదేంటే రిబ్కా నీకు?" అంది మా అత్త మేరమ్మ, వంటింటి నేల ఉబ్బిన చోట బొటనవేలితో నొక్కుతూ. పదకొండేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ నేలను మోకాళ్ల మీద కూర్చుని అలుకుతున్నాను. దాని ఎత్తుపల్లాలు తెలిసినంతగా నాకు నా మొగుడి మొహం కూడా తెలియదు. గడప దగ్గర ఎప్పుడూ నీళ్లు నిలిచే పల్లం ఇప్పుడు గట్టులా లేచింది. పెరటి తలుపు నేలకు రాసుకుని సగమే తెరుచుకుంటోంది. అలుకు మందమైతే తలుపు పట్టేస్తుందా? ఆ మాటంటే నోరెక్కువంటారు. మళ్లీ అలికాను.

మా ఇల్లు తిరువూరు శివార్లో, రోడ్డు కట్టకు దిగువన ఉంది. పక్కనే వాగు మీద కొత్త వంతెన కడుతున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇనుప దిమ్మెను పైకి లాగి వదులుతుంటే, తాటిమానంత కాంక్రీటు గుంజలు నల్లరేగడిలోకి దిగుతుంటాయి. దెబ్బదెబ్బకీ గూట్లో గిన్నెలూ నా తలా అదురుతాయి. అంత లావు గుంజ దిగితే అక్కడున్న మట్టి ఎక్కడికి పోతుంది? పక్కకైనా జరగాలి, పైకైనా లేవాలి. నిండు పచ్చడి జాడీలో గరిటె దించినప్పుడల్లా నేను చూసేదే కదా!

మా ఆయన సుందరరావు అక్కడే వర్క్ ఇన్‌స్పెక్టరు. సాయంత్రం కాళ్లు కడుక్కుని, కాఫీ తాగుతూ ఆ రోజు రిపోర్టు చెబుతాడు, నేను రాస్తాను. "ఎస్సెస్సెల్సీ చదివావుగా, ఈ మాత్రం పనికిరావా?" అంటాడు. ఆఫీసులో ఆ దస్తూరీ ఆయనదేననుకుంటారు. ఆఖరి వాక్యం రోజూ ఒకటే: "కట్టలో మార్పు లేదు."

సోమవారం బట్టలు ఆరేయడానికి కట్ట ఎక్కితే రోడ్డు అంచు పొడవునా సన్నగా పగులు కనిపించింది. దానికి అడ్డంగా, పొయ్యికి మెత్తినట్టు, తడిమట్టి మెత్తి వచ్చాను. మర్నాటికి ఆ మట్టి రెండు ముక్కలైంది, సందులో నా వేలు పట్టింది. ఆ మర్నాడు రెండు వేళ్లు పట్టాయి. సరిగ్గా ఆ కిందే కూలి ఆడవాళ్లు అన్నాలు తింటారు. గంపలగూడెం నుంచి వచ్చే జోజమ్మ తన పాలుతాగే పిల్లను అక్కడే గోనె మీద పడుకోబెడుతుంది.

"కట్ట కదులుతోందండీ. ఆ ఆడవాళ్లనైనా అక్కణ్ణించి లేపండి" అని మూడు సాయంత్రాలూ చెప్పాను. మొదటిరోజు నవ్వాడు. రెండోరోజు, "ఇంజనీరమ్మగారు సెలవిస్తున్నారు, వినమ్మా" అన్నాడు వాళ్లమ్మతో. మూడోరోజు గ్లాసు విసిరికొట్టాడు. "ఎమర్జెన్సీలో పని ఆగితే నా ఉద్యోగం ఊడుద్ది. చెప్పింది రాయి!"

రాశాను. నా చేతిని చూస్తే నాకే అసహ్యం వేసింది. చాకిరీతో అలిసిపోవడం నాకు అలవాటే. అబద్ధానికి కూడా నా చేయే కావాల్సి వచ్చేసరికి మాత్రం ఓపిక అయిపోయింది.

ఈ ఉదయం అంట్లు అలాగే వదిలేసి, పని చూడ్డానికొచ్చి బంగళాలో దిగిన ఇంజనీరు జగన్నాథరావుగారి దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నాతో పాటు వచ్చి కట్ట ఎక్కారు. పగులులో చేయి పెట్టగానే ఆయన మొహం మారిపోయింది. "దిమ్మె ఆపండి! కింద ఎవరున్నారు?" అని అరిచారు. తట్ట అక్కడే పడేసి జోజమ్మ పరిగెత్తింది, నిద్రలో ఉన్న పిల్లను ఎత్తుకుని ఇవతలికొచ్చింది.

అవతలి ఒడ్డు నుంచి మా ఆయన రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఇంత పగులు ఒక్కరోజులో రాదే! మీవారికి చెప్పలేదా అమ్మా?" అన్నారు ఇంజనీరుగారు నాతో.

ఆయన వెనక నుంచి మా ఆయన నావైపు చూస్తూ తల అడ్డంగా ఆడించాడు. ఆ కళ్లలో బతిమాలడం నేను మొదటిసారి చూశాను. మరిచిపోయానండి అంటే చాలు, ఆయన ఉద్యోగం నిలుస్తుంది. మా ఇంట్లో తప్పులన్నీ ఎలాగూ నావే, ఇంకొకటి పెద్ద బరువేం కాదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మూడు రోజులుగా చెబుతూనే ఉన్నానండి" అన్నాను.