దిమ్మె నడుమ గడ్డి

డ్రెయిను తవ్వకం తనిఖీ చెయ్యడానికి బందరు నుంచి వచ్చిన ఆఫీసరు, ఆ డ్రెయిను తవ్విన కాంట్రాక్టరు జీపులోంచే దిగాడు. నుదుటి మీద మోపిదేవి విభూతి ఇంకా చెరగలేదు. ఇద్దరూ కలిసి దర్శనం చేసుకుని, కలిసి టిఫిను తిని వచ్చారన్నమాట. గట్టు మీద పార పట్టుకుని నిలబడ్డ ఆ ఊరి శోభనాద్రికి కడుపు మండింది.

ఆఫీసరు పేరు రామబ్రహ్మం. కాంట్రాక్టరు సుందరరాజు, గుడివాడ మనిషి. రెండు కిలోమీటర్ల పొడుగునా నాలుగడుగుల లోతు తవ్వానని కాయితాలు పెట్టాడు. తనిఖీ ఒక్కటి అయిపోతే బిల్లు వస్తుంది. ఆ తరవాత పదేళ్ళదాకా ఈ డ్రెయిను మొహం చూసేవాడుండడు.

బిల్లు ఎవడికి పోతే శోభనాద్రికేం? అతనికి కావలసింది ఒక్కటే. వానలు పడేలోగా ఆ నాలుగడుగులూ తవ్వాలి. పోయిన కార్తీకంలో తుఫాను వానకి డ్రెయిను లాగక, ఊళ్ళో మూడు రోజులు నడుంలోతు నీళ్ళు నిలబడ్డాయి. భార్య కనకరత్నానికి అప్పుడు జ్వరం. మంచం మీద మంచం వేసి పడుకోబెట్టాడు. నాలుగో రోజుకి రోడ్డు తేలింది. అప్పటికి ఆమెకి ఆస్పత్రితో పని లేకపోయింది.

ముగ్గురూ, వెనకే జీపు డ్రైవరూ ఎండిన డ్రెయినులోకి దిగారు. అడుగున అక్కడక్కడా మట్టి దిమ్మెలు నిలబడి ఉన్నాయి. తవ్వేటప్పుడు కొంత నేల ముట్టుకోకుండా అలా వదిలెయ్యాలి. దిమ్మె నెత్తి పాత నేల, దాని మొదలు కొత్త నేల. ఆ ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్విందీ తేలుతుంది. టేపు పై కొస సుందరరాజు పట్టుకున్నాడు, కింది కొస అతని డ్రైవరు పట్టుకున్నాడు. ఆఫీసరు దూరంగా నీడన నిలబడి, వాళ్ళు చెప్పిన అంకె కొలతల పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగడుగుల ఒక అంగుళం.

ఆ ఒక్క అంగుళం దగ్గర శోభనాద్రి పళ్ళు కొరుక్కున్నాడు. అనుమానం రాకుండా ఒక అంగుళం ఎక్కువ పెట్టడం పాత పద్ధతే.

"అయ్యా, ఈ నేలలో మూడున్నర అడుగులు దిగితే నత్తగుల్లల పొర పడుతుంది. గట్టు మీద పోసిన మట్టిలో ఒక్క గుల్ల చూపించండి" అన్నాడు.

ఆఫీసరు గట్టు వైపు చూడలేదు, సుందరరాజు వైపు చూశాడు. గుల్ల అన్నిచోట్లా పడదని, పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ శోభనాద్రి మావయ్య ఇలాగే మాట్లాడుతున్నాడని, ఊరందరికీ తెలుసని సుందరరాజు జాలిగా చెప్పాడు.

శోభనాద్రి పార ఎత్తి దిమ్మెని నిలువునా ఒక వేటు వేశాడు. చుట్టూ మెత్తిన తడిమట్టి పెచ్చుగా ఊడి పడింది. పై రెండడుగులూ పొడిమట్టి, జలజలా రాలిపోయింది. దాని కింద, సరిగ్గా దిమ్మె నడుముకి, నలిగిన గడ్డి వేళ్ళతో సహా బయటపడింది. అదీ అసలు నేల. తవ్వింది రెండడుగులు, పైన పేర్చింది రెండడుగులు.

"ఇది నీకెలా తెలుసు పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు.

"ముప్పై ఏళ్ళు మట్టిపని మేస్త్రీగా చేశాను. ఇదే డ్రెయినులో ఇలాంటి దిమ్మెలు నేనూ కట్టాను."

సుందరరాజు పకపకా నవ్వాడు. "విన్నారా సార్? మాకందరికీ గురువు మా మావయ్యే."

శోభనాద్రి తల దించలేదు. అప్పట్లో పాత నేలలా కనపడాలని దిమ్మెల నెత్తిన పరిచే గడ్డిపెళ్ళల్ని తెల్లవారకముందే మంచుతడితో కోసి తెచ్చింది కనకరత్నమే. వాడిపోకుండా తట్ట మీద తడిగోనె కప్పేది. అందుకు కూలి మీద అర్ధరూపాయి ఎక్కువ. ఆ లోతు లేని డ్రెయినే చివరికి ఆమె ఇంట్లోకి వచ్చింది. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఎవరి దగ్గర క్షమాపణ అడగాలి?

ఆఫీసరు కలం మాత్రం చకచకా నడిచింది. రాసి, పుస్తకం ముందుకు తోసి, వేలిముద్ర వెయ్యమన్నాడు. ఊరిబడిలో అయిదో తరగతి దాకా చదివిన శోభనాద్రి అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. శోభనాద్రి అనే కూలీ గతంలో దొంగ దిమ్మెలు కట్టినట్టు ఒప్పుకున్నాడని, తనిఖీకి అడ్డొచ్చి దిమ్మె పాడుచేశాడని ఉంది. గడ్డి లేదు. గుల్ల లేదు. సుందరరాజు పేరు అసలే లేదు.

కలం అడిగి తీసుకున్నాడు. ఆ రాత కిందే గుండ్రటి బడి అక్షరాలతో రాశాడు: ఇప్పుడు తవ్వింది రెండడుగులే. దిమ్మె నడుమ గడ్డి ఉంది. ఆఫీసరు కళ్ళారా చూశాడు. కట్టించింది సుందరరాజు. కింద సంతకం పెట్టాడు.

సుందరరాజు నవ్వు ఆగింది. పేజీ పాడైందంటూ చింపడానికి చెయ్యి చాపాడు.

"చింపు అబ్బాయ్" అన్నాడు శోభనాద్రి. "ఈ పుస్తకంలో ప్రతి పేజీకీ అచ్చునంబరు ఉంటుంది. ఇది నలభై మూడు. అది లేకపోతే పై ఆఫీసులో ముందు అడిగేది నిన్ను కాదు, ఈయన్ని."

ఆఫీసరు పుస్తకం చటుక్కున లాక్కుని గుండెకి ఆనించుకున్నాడు. సుందరరాజు మొహం చూడకపోవడం పొద్దున్నించీ అదే మొదలు.

"ఇందులో నా పేరు ఎలాగూ రాశారు. ఉండనివ్వండి, నేను చేసిందే" అన్నాడు శోభనాద్రి. "పక్కన మిగతావాళ్ళు కూడా ఉండాలి. ఇంకా పదకొండు దిమ్మెలున్నాయి. ఈసారి టేపు మీరు పట్టుకోండి."

డ్రైవరు గట్టెక్కి జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆఫీసరు జీపు వైపు ఒకసారి చూశాడు, చేతిలో పుస్తకం వైపు ఒకసారి చూశాడు. వంగి, కింద పడున్న టేపు అందుకున్నాడు.

శోభనాద్రి అతనికి దణ్ణం పెట్టలేదు. పార భుజాన వేసుకుని రెండో దిమ్మె దగ్గరికి నడిచాడు.