పదకొండో మజిలీ

చౌడేశ్వరి కొండెక్కుతూ ఉంది, అయినా మోకాళ్ళు నొప్పి పుట్టడం లేదు, అదే ఆమెకు వింతగా ఉంది. గువ్వలదుర్గం మెట్లు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు, ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ నీడ దొరుకుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ ఈ మెట్లు జెరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల్లాగా వెచ్చగా ఉన్నాయి, అడుగు వేస్తే కొంచెం వంగుతున్నాయి కూడా. పైన పాత పట్నం గోడలు ఒకసారి చేతికందేంత దగ్గరగా, ఒకసారి ఎక్కడో ఆకాశం అంచున కనిపిస్తున్నాయి. ముందు దస్తగిరి సార్ నడుస్తున్నాడు, చెవిమీద పెన్సిలు, చంకలో అట్ట, కాళ్ళకు తెగి మళ్ళీ కుట్టించిన ఆ తోలు చెప్పులే. ఆయన పోయి నాలుగు నెలలైందని ఆమెకు గుర్తుంది. గుర్తుంటే మాత్రం ఏం, పోయినవాళ్ళు కొండెక్కకూడదని ఎవరైనా రాసిపెట్టారా అని సమాధానపడి, వెంట నడుస్తోంది.

దస్తగిరి సార్ అంటే కొండ కింది ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రాయింగు చెప్పిన మనిషి. టెంతు రెండుసార్లు తప్పి, ఇంట్లో అందరిచేతా మాటలు పడుతూ మూలన కూర్చున్న చౌడేశ్వరిని, ఈ పిల్ల అక్షరం ముత్యంలాగా రాస్తుంది, నా వెంట పంపండి అని అడిగి, సైన్‌బోర్డులు రాసే పనికి తిప్పుకున్నాడు. ఆ చేతిరాతే తరవాత కంప్యూటరు మీదికి ఎక్కింది, బస్టాండు వెనక నీలం రేకుల కింద జెరాక్స్ షాపు అయింది. ఇంతా చేసిన మనిషికి ఆమె ఒక్కనాడైనా మీ దయ సార్ అన్న పాపాన పోలేదు. ఎదురుగా ఉన్న మనిషితో అలాంటి మాటలేమిటని అనుకుందేమో మరి.

రిటైరయ్యాక సార్‌కు ఒక పిచ్చి పట్టుకుంది. గైడు అక్కర్లేకుండా, చిన్న పుస్తకం చేతపట్టుకుని ఎవరికి వాళ్ళే కొండమీది పాత పట్నమంతా తిరిగి చూసుకోవాలి. కింద కోటవాకిలితో మొదలై కొండకొమ్మున ధాన్యపు కొట్టు దాకా పద్నాలుగు మజిలీలు. షాపులో పాడైన జెరాక్సులు అడిగి తీసుకుపోయి, వాటి ఖాళీ వైపున రాసి తెచ్చేవాడు, వెనక ఎవరి రేషన్ కార్డో ఎవరి టీసీయో మసిమసిగా ఉండేది. చౌడేశ్వరి టైపు చేసేది.

తగవు ఎడమా కుడీ దగ్గర వచ్చింది. సార్‌కు ఆయాసం, ఎక్కేటప్పుడు పెన్సిలు తీయలేడు. పైకి చేరి, కూర్చుని, దిగుతూ రాసుకున్నాడు. దాంతో ఎక్కేవాళ్ళకు ఆయన ఎడమన్నది కుడైంది, కుడన్నది ఎడమైంది, మండపం ఉండాల్సినచోట ముళ్ళకంప వచ్చింది. చౌడేశ్వరి ఆయన్ను అడగకుండా అన్నీ మార్చేసింది. అంతటితో ఊరుకుందా? షాపులో నలుగురూ ఉండగా, పైన్నుంచి చూసి రాస్తే కిందినుంచి ఎక్కేవాళ్ళు యాడికి పోవాలని నవ్వింది. సార్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు టీ అంగడి మనిషి చేత పదకొండో మజిలీ కాగితం పంపాడు, పైన ఆ పేరు తప్ప కింద ఒక్క అక్షరం లేదు. ఇంక నీకు రాసిచ్చేది లేదు పో అని ఆయన కోపమని ఆమె అనుకుంది. రెండు రోజులకు సార్ పోయాడని కబురొచ్చింది. ఇప్పుడు పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి, రేపే ఆఖరు. ఆ ఖాళీలో తనేదో కల్పించి ఆయన పేరుతో అచ్చేస్తే, అది ఆయనకు చేసే రెండో అవమానం.

మెట్ల మీద ఇప్పుడు జనం ఎదురవుతున్నారు, అందరి చేతుల్లోనూ పుస్తకాలు, అందరూ ఒకచోటే గుండ్రంగా తిరుగుతున్నారు. పెళ్ళిబట్టల్లో ఉన్న జంట ఒకటి ధాన్యపు కొట్టు ఇదే కాబోలని చౌడేశ్వరి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, వంటింట్లో ఇంకో కొండ ఉంటుంది, దాని మెట్ల మీద ఆమె తోమని గిన్నెలుంటాయి. సార్ వాళ్ళను చూసి ముసిముసిగా నవ్వుకుంటాడు. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోతాయి.

"సార్, మీకు చెప్పకుండా మార్చినా. నలుగురిలో అట్ల నవ్వింది తప్పే."

సార్ పెన్సిలు చెక్కుకుంటూ నడుస్తాడు, పొట్టు గాలికి ఎగిరి గువ్వలై పోతుంది.

"మార్చి మంచి పనే చేసినావు లే. ముళ్ళకంపలో పడేసి వాళ్ళ ఉసురు పోసుకుంటానా? నాకు నీ మీద కోపం కాదు మే. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకు బొమ్మలు నేర్పించినోన్ని, నేను ఏ పక్క నిలబడి చూస్తాండానో నాకే తెలీకపాయె. అదీ నా సిగ్గు."

అంతలోనే పదకొండో మజిలీ వచ్చేసింది, తొమ్మిదీ పదీ ఎటు పోయాయో తెలియదు. విరిగిన కాపలా గోడ, దాని పక్కన చాపంత చదును బండ, అంతే. ఇక్కడేముంది సార్, ఏం రాయమంటారు అని ఆమె అడుగుతుంది. రాసేదేం లేదంటాడాయన. ఇక్కడిదాకా ఎక్కేవాళ్ళు ఆయాసపడుతూ మెట్లే చూసుకుంటూ వచ్చారు, ఇక చాలు.

"వెనక్కి తిరగమను."

చౌడేశ్వరికి మాత్రం తిరగాలంటే భయం, తిరిగితే మళ్ళీ ఈయన కనపడడని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. అందుకని తిరగకుండా, ఆయన చెప్పుల కుట్లు చూస్తూ, ఇన్నేళ్ళూ మింగిన మాట బయటపెడుతుంది.

"సార్, ఆ పొద్దు మీరు మా ఇంటికి రాకపోయింటే నేను ఆ మూలనే ఉండిపోయేదాన్ని. మీ వల్లే మనిషినైనా."

"ఇంత మాట ఎప్పుడు నేర్చినావే!" అని ఆయన పెన్సిలు చెవిమీద పెట్టుకుంటాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, తుడిచేకొద్దీ అద్దాలు మసకేస్తాయి. "సరే, ఇంక తిరుగు."

తిరుగుతుంది. కింద ఊరు లేదు, బస్టాండు లేదు, ఉన్నదంతా తెలుపు. ఏమీ కనపడలేదు సార్ అంటుంది. వెనకనుంచి, దూరంనుంచి, పాఠం చెప్పేటప్పటి గొంతుతో జవాబొస్తుంది.

"ఎడమ పక్క."

ఫ్యాను గిర్రున తిరిగింది. కరెంటు వచ్చి జెరాక్స్ మిషన్ గుర్రుమంటోంది. మధ్యాహ్నం అన్నం తిని, కరెంటు లేదని కౌంటరు మీద తలవాల్చిన చౌడేశ్వరి ఉలిక్కిపడి లేచింది. చెమటకు చెంపకు అతుక్కున్న కాగితాన్ని ఊడదీసి చూస్తే పదకొండో మజిలీది, పేరున్న వైపు ఆ పేరు తప్ప ఎప్పటిలాగే తెల్లగా. సార్ కాగితాల వెనక వైపు ఆమె ఏనాడూ చూడలేదు, ఎవరి రేషన్ కార్డో తప్ప ఏముంటుంది గనుక? ఇప్పుడు మాత్రం వెనక్కి తిప్పింది.

రేషన్ కార్డు లేదు. కొండమీది బండ దగ్గరనుంచి కింద ఊరంతా పెన్సిలుతో గీసి ఉంది, హైస్కూలు, దర్గా, మార్కెట్టు, బస్టాండు, అన్నీ చీమతలలంత. మూలన ఒక రేకుల కప్పుకు బాణం గుర్తు పెట్టి, ఆమెకు నేర్పిన ఆ గుండ్రటి అక్షరాలతోనే రాశాడు: "ఎడమ పక్క, నీలం రేకులు, మా చౌడేశ్వరి షాపు."

కింద తేదీ కూడా ఉంది. తగవైన మర్నాటిది.

రెండు కాపీలు కావాలని వచ్చినావిడ ముఖానికి మసి అంటిందమ్మా అని చెప్పింది. తడుముకుంటే చెంపమీద పెన్సిలు పొడి. తుడుచుకోవాలనిపించలేదు. ఆవిడ కాపీలు ఆవిడకిచ్చి, బొమ్మను స్కాను చేసి, కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేసింది: పదకొండో మజిలీ. వెనక్కి తిరగండి.

బొమ్మను దాని కింద పెట్టింది. ఎడమ పక్క అని సార్ రాసినదాన్ని ఈసారి మార్చలేదు.